చేను కాచే గుండు – మన నల్లరేగడి సీమ చరిత్రలో ఒక ప్రశ్న



చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని మనలో చాలామంది అనుకుంటాము. నేనూ అట్లే అనుకున్నాను. కానీ ఈ సంవత్సరం చరిత్ర మా చేనికే నడిచి వచ్చింది. అది ఎట్లా వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా ఊరు కోవిల్‌పట్టికి దక్షిణంగా ఉంది. నేను విరుదునగర్‌లో పిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. అర్ధసంవత్సర పరీక్షలు అయినాక సెలవులకు ఊరికి పోయినాను. మేము రెండు ఎకరాల్లో మక్కజొన్న వేసినాము. కంకి పాలు పట్టే సమయం అది. నేను పోయిన మరునాడు తెల్లవారి చూస్తే చేనులో సగం నేలకు పడి ఉంది. ఏనుగు తొక్కినట్టు ఉంది కానీ అది ఏనుగు కాదు, అడవిపందుల గుంపు. అవి తినింది కొంచెమే, పాడు చేసింది ఎక్కువ. నాయన గట్టు మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎరువుల అంగట్లో అప్పు ఇంకా తీరలేదు.

ఆ రాత్రి ఇంట్లో మాటలు నడిచినాయి. చిన్నాయన, "మోటారు నుంచి ఒక తీగ లాగి చేను చుట్టూ కట్టేద్దాం అన్నా, ఒక్క రాత్రిలో తెలుస్తుంది" అన్నాడు. అమ్మకు భయం. ఎందుకంటే తెల్లవారుజామున ఆ చేనికి నీళ్లు కట్టడానికి పోయేది మేమే. తాత మాత్రం, "నా తుపాకి ఉంటే ఇంత దూరం వచ్చేదా?" అన్నాడు. చివరికి నాయన నా వైపు తిరిగి, "నువ్వు చదువుకున్నావు కదా తల్లీ, తుపాకి లైసెన్సు కావాలని కలెక్టరుకు ఒక అర్జీ రాయి" అన్నాడు.

అర్జీ రాయాలంటే విషయం తెలియాలి కదా. ఏ తుపాకి? ఏ గుండు? ఎవరు కాల్చవచ్చు? ఈ ప్రశ్నలు పట్టుకుని తాతను, మా చరిత్ర ఉపాధ్యాయులను, గ్రంథాలయాన్ని అడుగుతూ పోయినాను. దొరికినది ఇక్కడ రాస్తున్నాను.

కుందేలు తరిమిన నేల

మన సీమలో వేట కథ లేకుండా ఊరి కథ లేదు. పాంచాలంకురిచి ఎట్లా పుట్టిందో మా అవ్వ చెప్పేది. ఒకనాడు వేటకుక్కలు కుందేలును తరుముతూ పోయినాయంట. ఒక చోటికి రాగానే కుందేలు వెనక్కి తిరిగి కుక్కలనే తరిమిందంట. ఆ నేలకు వీరం ఉందని అక్కడే కోట కట్టినారంట. ఇది కథే, చరిత్ర కాదు. కానీ కట్టబొమ్మన్ చరిత్ర మాత్రం నిజం. ఆ వంశం వాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్లు. "గెట్టిబొమ్ము" అనే తెలుగు మాటే తమిళంలో కట్టబొమ్మన్ అయిందని పెద్దలు చెప్తారు.

ఆ వేటకుక్కలు కూడా వట్టి కథ కాదు. విరుదునగర్ జిల్లాలోని చిప్పిపారై, రాజపాళయం ఊళ్ల పేర్లు మోసే రెండు కుక్క జాతులు ఈనాటికీ ఉన్నాయి. చిప్పిపారై సన్నగా ఉండి కుందేలును తరమడానికి పనికివస్తుంది. రాజపాళయం తెల్లగా, బలంగా ఉండి అడవిపందిని నిలబెడుతుంది. 2005లో భారత తపాలా శాఖ రాజపాళయం కుక్క బొమ్మతో స్టాంపు కూడా వేసింది. తుపాకి రాకముందు చేనుకు కావలి అంటే కుక్క, ఈటె, వడిసెల, మంచె మీద కేక. ఇంతే.

పాళెగార్ల కాలంలో ఈటెలతో పాటు తుపాకులూ వచ్చినాయి. ఊరికి కావలి కాసేది వాళ్లే కాబట్టి ఆయుధం వాళ్ల చేతిలో ఉండేది. 1799 సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ సేన పాంచాలంకురిచి మీదికి వచ్చింది. ఆ అక్టోబరులో కయత్తారులో, మా ఊరికి దగ్గరలోనే, వీరపాండ్య కట్టబొమ్మన్‌ను మిగిలిన పాళెగార్ల కళ్ల ముందే ఉరి తీసినారు. తరువాత కోటలు పడగొట్టమని, ఆయుధాలు అప్పగించమని ఉత్తరువు వచ్చింది. 1801లో తమ్ముడు ఊమైదురై చెరసాల నుంచి తప్పించుకుని వచ్చి కోటను మళ్లీ లేపినాడు. ఆ మే నెలలో అదీ పడిపోయింది. కోట ఉన్న చోటును దున్ని ఆముదం విత్తినారని చెప్తారు.

ఈ పాఠం మనమందరం చదివినాము. కానీ కోటతో పాటు ఊరి కావలి ఆయుధం కూడా పోయిందనే సంగతి నేను ఇంతకు ముందు ఆలోచించలేదు. కుంపిణీకి భయం తిరుగుబాటు గురించే. పంట మీదికి వచ్చే పంది ఆ లెక్కలో లేదు.

గుండు మారిన కథ

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. తూటా వేరు, గుండు వేరు. తూటాలో మందు, గుండు రెండూ ఉంటాయి. గొట్టం నుంచి బయటికి పోయేది గుండు మాత్రమే.

కట్టబొమ్మన్ కాలంలో గుండు అంటే నిజంగా గుండ్రటి సీసపు ఉండ. గొట్టం లోపల నున్నగా ఉండేది. మందు, గుండు రెండూ మూతి నుంచే వేసి గజంతో దట్టించాలి. నున్నటి గొట్టంలో ఉండ కొంచెం వదులుగా ఉంటుంది కాబట్టి అది నేరుగా పోదు. గొట్టం లోపల మెలికగా గాళ్లు కోస్తే గుండు బొంగరం లాగా తిరుగుతూ నేరుగా పోతుంది. అదే రైఫిల్. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడినట్టే తిరిగే గుండు దారి తప్పదు. కానీ గాళ్లను పట్టేంత బిగుతు గుండును మూతి నుంచి దించడం కష్టం. 1849లో మినియే అనే ఫ్రెంచి అధికారి దీనికి ఒక ఉపాయం చేసినాడు. గుండును కోలగా చేసి అడుగున గుంట పెట్టినాడు. లోపలికి సులభంగా జారుతుంది, మందు పేలగానే అడుగు విచ్చుకుని గాళ్లను పట్టుకుంటుంది. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ పద్ధతిదే. దాని కాగితపు తూటాకు పూసిన కొవ్వు గురించే 1857లో సిపాయిలు ఎదురు తిరిగినారని మన పాఠంలో ఉంది. అంటే ఒక గుండు ఆకారం మారిన కథ మన దేశ చరిత్రలో అంత దూరం పోయింది.

ఆ తరువాత 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయులు లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకోకూడదు. ఐరోపా వాళ్లకు మాత్రం మినహాయింపు. దొరకు వేట ఒక వినోదం, రైతుకు పంట కావలి ఒక అవసరం. చట్టం వినోదానికి తలుపు తీసి అవసరానికి తాళం వేసింది. 1887లో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభలో కూడా ఈ చట్టం గురించి తీర్మానం చేసినారు.

తాత తుపాకి

స్వాతంత్ర్యం వచ్చినాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. దాని 13వ సెక్షనులో పంట కావలికి మూతి నుంచి మందు నింపే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు అని ఉంది. అది చాలదని అధికారికి తోస్తే నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకికి కూడా ఇవ్వవచ్చు. గమనించండి, పంట కావలి అన్న మాట దగ్గర రైఫిల్ మాట లేదు.

మా తాతకు ఉండింది అట్లాంటి మూతి తుపాకే. లైసెన్సు పుస్తకం ఇంకా పెట్టెలో ఉంది. దాని మీద తిరునెల్వేలి జిల్లా ముద్ర ఉంది. తూత్తుకుడి జిల్లా ఏర్పడింది 1986లో కదా, ఇది దానికి ముందరిది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకిని గోనెసంచిలో చుట్టి సైకిలుకు కట్టి పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడంట. "ఓటు వేసేదానికి ముందు తుపాకి ఇచ్చేసి రావాల" అని నవ్వుతాడు.

నేను అడిగినాను, "తాతా, పందికి ఏ గుండు వేసేవాడివి?" అని.

తాత వెంటనే చెప్పలేదు. తరువాత ఇట్లా చెప్పినాడు. పిట్టలకు సన్న రవ్వలు. చాలావరకు అసలు గుండే వేయకుండా వట్టి మందు పేల్చేది, ఆ శబ్దానికే గుంపు పారిపోయేది. పందికి మాత్రం పెద్ద గుండు ఒకటే వేయాల. ఒక రాత్రి పెద్ద గుండ్లు అయిపోయినాయి. పంది చేనులో ఉంది. రవ్వలే వేసి కాల్చినాడు. పంది పడలేదు, అరుచుకుంటూ వాగులోని సర్కారు తుమ్మల్లోకి పోయింది. వెతకడానికి పోయిన మా కుక్క కడుపు చీలి తిరిగి వచ్చింది. నాలుగు దినాలకు వాగులో నుంచి వాసన వచ్చింది.

"ఆ నాలుగు దినాలు అది ఎట్లా ఉండిందో నాకు తెలీదు తల్లీ. పంట నాదే, ఆకలి దానిది. కాలిస్తే పడిపోవాల. లేకుంటే కాల్చనే కూడదు" అన్నాడు. ఆ మరు సంవత్సరమే లైసెన్సు పుదుపించకుండా తుపాకి అప్పగించినాడంట. ఈ సంగతి ఇంట్లో నాయనకు కూడా తెలియదు. తుపాకి ఉంటే బాగుండేది అని మొన్న రాత్రి అన్నది కూడా ఈ తాతే. మనిషి మనసులో రెండూ ఉంటాయి అని అప్పుడు అర్థమయింది.

యుద్ధంలో వద్దన్నది వేటలో మంచిదా?

తాత మాట విన్నాక సరైన గుండు అంటే ఏమిటో తెలుసుకోవాలని అనిపించింది. ఇక్కడ నాకు ఒక ఆశ్చర్యం ఎదురయింది.

1890లలో బ్రిటిషు సైన్యం గుండుకు పూర్తిగా గట్టి లోహపు తొడుగు వేసింది. అది ఒంటిలో సన్న బెజ్జం చేసి అటువైపు నుంచి బయటికి పోయేది. దానితో శత్రువు ఆగడం లేదని సైనికులు చెప్పినారు. అప్పుడు కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో గుండు ముక్కు దగ్గర తొడుగు తీసి సీసాన్ని బయటికి కనబడేలా చేసినారు. అది తగలగానే పువ్వు లాగా విచ్చుకుంటుంది. గాయం ఘోరంగా ఉంటుంది. 1899లో హేగ్ నగరంలో దేశాలు కూడినప్పుడు ఇట్లాంటి గుండును యుద్ధంలో వాడకూడదని ప్రకటన చేసినారు. మన నేల మీద తయారైన ఊరి పేరు ప్రపంచ చట్టంలో చెడ్డపేరుగా నిలిచింది.

కానీ వేటలో లెక్క తిరగబడుతుంది. గట్టి తొడుగు గుండు జంతువును గాయపరిచి అటు దూసుకుపోతుంది. జంతువు తాత పందిలా దినాల తరబడి బాధపడి చస్తుంది. అటు పోయిన గుండు వెనక ఉన్న మనిషికో పశువుకో తగలవచ్చు. విచ్చుకునే గుండు బలమంతా ఒంటిలోనే దింపి వెంటనే చంపుతుంది. యుద్ధంలో గాయపడిన సైనికుడు బతకాలి అన్నది దయ. వేటలో కాల్చిన జంతువు బాధపడకూడదు అన్నది దయ. దయ ఒకటే, గుండు మాత్రం వేరు.

అన్ని విచ్చుకునే గుండ్లూ ఒకటి కాదు. అమెరికాలో పొలాలను తవ్వే చిన్న జంతువులను, నక్కలాంటి కాయోటీలను "వార్మింట్" అంటారు. పురుగు అనే లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు అది. వాటికి చిన్న, తేలిక, మిక్కిలి వేగం గల గుండు వాడతారు. 1935లో వచ్చిన .220 స్విఫ్ట్ తూటాలో 48 గ్రెయిన్ల గుండు సెకనుకు 4,000 అడుగులకు పైన పోయేది. దాని తొడుగు పలుచన. తగలగానే పొడి అయిపోతుంది, నేలకు తగిలినా ఎగిరి దూరం పోదు. చిన్న జంతువుకు అది సరిపోతుంది.

మన చేనుకు వచ్చేది మాత్రం అడవిపంది. ముదురు మగపందికి భుజం మీద చర్మం కింద డాలు లాంటి గట్టి పొర ఉంటుంది. పలుచటి గుండు ఆ పొర మీదే పగిలిపోతుంది. పైన పుండు, లోపల ప్రాణం. దానికి బరువైన, నెమ్మదిగా విచ్చుకునే, ముక్కలు కాకుండా లోపలికి దిగే గుండు కావాలి. మన దేశపు ఆయుధ కర్మాగారాలు పౌరుల కోసం చేసే .315 రైఫిల్ గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. స్విఫ్ట్ గుండు 3 గ్రాములే. అయిదు రెట్ల తేడా. వార్మింట్ అన్న పేరు ఒకటే అయినా జంతువు మారితే గుండు మారాలి.

ఇంకొక సంగతి నాకు చాలా నచ్చింది. గ్రెయిన్ అంటే గింజ. పూర్వం ధాన్యపు గింజ ఎత్తును తూకంగా పెట్టుకున్నారు. 7,000 గ్రెయిన్లు ఒక పౌను. మన పెద్దలు గురిగింజతో బంగారం తూచినట్టే. గింజలను కాయడానికి వేసే గుండును ఈనాటికీ గింజలతోనే తూస్తున్నారు. అట్లే 12 బోరు తుపాకి అంటే దాని గొట్టానికి సరిపోయే సీసపు ఉండలు 12 కలిపితే ఒక పౌను అని అర్థం. లెక్కల మాస్టారుకు ఇది చెప్తే బోర్డు మీద వేసి చూపించినారు, ఒక ఉండ దాదాపు 38 గ్రాములు.

సీసం విషం అన్నది కూడా మరవకూడదు. గుండు పగిలి మాంసంలో ఉండిపోతే దాన్ని తిన్న రాబందులు చస్తాయి. కాలిఫోర్నియాలో కాండర్ అనే పెద్ద రాబందును కాపాడడానికి వేటలో సీసపు గుండ్లను మొత్తంగా ఆపినారు. 2019 జూలై నుంచి అది పూర్తిగా అమలయింది. ఇప్పుడు రాగి గుండ్లు వాడుతున్నారు.

చట్టం ఇప్పుడు ఏమంటుంది?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేటకు కట్టడి వచ్చింది. అది మంచిదే, లేకుంటే ఎన్నో జంతువులను మనం బొమ్మల్లోనే చూసేవాళ్లం. 2022 సవరణకు ముందు ఆ చట్టంలో కాకి, ఎలుక, పండ్లు తినే గబ్బిలం వంటివాటిని హాని చేసే ప్రాణుల పట్టీలో పెట్టి ఉండినారు. అడవిపంది ఆ పట్టీలో ఉండలేదు. కేంద్ర ప్రభుత్వం కావాలంటే ఒక ప్రాంతానికి, కొంత కాలానికి అట్లా ప్రకటించవచ్చు. బీహారులో, ఉత్తరాఖండ్‌లో అడవిపందికి అట్లాంటి ప్రకటన వచ్చి, 2016లో ఆ సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. మన చేలల్లో విత్తనాలు ఏరుకుని తినే నెమలి సంగతి వేరు. 1963 నుంచి అది జాతీయ పక్షి, దాని మీద ఏ గుండూ లేదు, మంచె మీద కేకే దిక్కు.

మన తమిళనాడులో 2025 జనవరిలో అడవిపంది గురించి కొత్త ఉత్తరువు వచ్చింది. రిజర్వు అడవి నుంచి ఒక కిలోమీటరు లోపల కాల్చకూడదు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల లోపల పట్టుకుని అడవిలో వదలాలి. మూడు కిలోమీటర్లు దాటితే కాల్చవచ్చు, అదీ అటవీ శాఖ వాళ్లే. రైతు కాదు.

ఇది చదివినాక నేను రాయాల్సిన అర్జీ మారిపోయింది.

నేను రాసిన అర్జీ

బడిలోని పెద్ద పటం మీద దారం పెట్టి కొలిచినాను. మాకు దగ్గరి రిజర్వు అడవి కురుమలై. మా చేను అక్కడికి మూడు కిలోమీటర్లు దాటే ఉంది. పందులు ఉండేది అడవిలో కాదు, ఎండిన వాగులోని సర్కారు తుమ్మల్లో. పగలు అక్కడ పడుకుని రాత్రి చేలకు వస్తాయి.

సెలవుల్లో జరిగిన ఇంకొక సంగతి కూడా అర్జీలో పెట్టినాను. పక్క ఊరి చేనులో ఎవరో పందికని పెట్టిన నాటుబాంబును ఒక ఆవు కొరికింది. దవడ పోయింది. పాలిచ్చే ఆవు. నీళ్లు తాగలేక తొట్టి దగ్గర నిలబడి ఉండింది. శివకాశి మనకు దగ్గర, టపాకాయల మందు మనకు కొత్త కాదు. పందిని బెదిరించడానికి టపాకాయ పేల్చడం వేరు, పండులో పెట్టి మేత లాగా వదలడం వేరు. దానికి ఎవరు తింటారో తెలియదు. కరెంటు తీగకు కూడా ఎవరు తాకుతారో తెలియదు. తాత అంటాడు, గుండుకైనా కాల్చేవాడి కన్ను ఉంటుంది, తీగకు కన్ను లేదు.

కాబట్టి తుపాకి లైసెన్సు అడగలేదు. మూడు విషయాలు అడిగినాను. ఒకటి, అటవీ శాఖ వాళ్లు వచ్చి దూరం కొలిచి, అడుగులు చూసి ఉత్తరువు ప్రకారం చర్య తీసుకోవాలి. రెండు, వాగులోని సర్కారు తుమ్మలను తీయించాలి. మూడు, పోయిన పంటకు నష్టపరిహారం ఇవ్వాలి.

చదివి వినిపిస్తే చిన్నాయన, "ఇదంతా ఎప్పుడు జరిగేది?" అన్నాడు. నిజమే, నాకూ తెలియదు. కానీ నాయన లేచి మోటారు దగ్గర పెట్టిన తీగ చుట్టను తెచ్చి ఇంటి అటక మీద పడేసినాడు. "ఈ పంటకు మంచె మీద నేనే పడుకుంటా" అన్నాడు. అమ్మ ఆ రాత్రి నిద్రపోయింది.

తాత మాత్రం అర్జీని తిప్పి తిప్పి చూసి, "ఏ గుండు అని రాయలేదే?" అన్నాడు. అది వాళ్ల పని కదా తాతా అన్నాను. "కాదు తల్లీ, పంట మనది, మనం అడిగితేనే కాలుస్తారు. అప్పుడు ఆ గుండులో మన పాలు కూడా ఉండాది" అన్నాడు. అందుకని చివర ఒక వాక్యం చేర్చినాను: కాల్చవలసి వస్తే గురి తెలిసిన వాళ్లతో, ఆ జంతువుకు తగిన గుండుతో, ఒక్క దెబ్బకే పడిపోయేలా కాల్చవలెనని వేడుకుంటున్నాము.

ఆ వాక్యం కింద మొదటి సంతకం తాతదే. తెలుగులో చేసినాడు.